పన్నెండో డెక్కు మీద ఒక టేబుల్

డిస్నీ డ్రీమ్ ఓడ పదకొండో డెక్కు వెనక కొసన క్యాబానాస్ అనే బఫే ఉంది. పళ్లెం పట్టుకుని ఎన్నిసార్లు వెళ్లినా, ఏది ఎంత వడ్డించుకున్నా అక్కడ బిల్లు రాదు. తిండి ఖర్చంతా టికెట్టు డబ్బులోనే కలిసి ఉంటుంది. సరిగ్గా దాని పై అంతస్తులో, అదే వెనక కొసన, రెండు చిన్న భోజనశాలలున్నాయి. ఒకటి ఇటాలియన్ వంటల పాలో. రెండోది ఫ్రెంచి వంటల రెమీ. రెంటికీ నడుమ మెరీడియన్ అనే బార్. కింది నుంచి పైకి ఒక్క అంతస్తే తేడా. ఆ ఒక్క అంతస్తు ఎక్కి ఒక పూట భోంచేయడానికి ప్రయాణానికి నాలుగు నెలల ముందు నుంచే తేదీలు లెక్కబెట్టుకునేవాళ్లున్నారు.

ఎందుకంత ఆత్రం అని తీసిపారేయడం సులువు. ఆ చోటుకున్న ప్రత్యేకత తెలిస్తే మాత్రం ఆ ఆత్రం అర్థమవుతుంది.

డ్రీమ్ పొడవు 340 మీటర్లు. గదులు 1,250. నాలుగు వేల మంది దాకా ప్రయాణికులు పడతారు. జర్మనీలోని పాపెన్‌బర్గ్‌లో మేయర్ వెర్ఫ్ట్ కార్ఖానాలో తయారై, 2011 జనవరిలో తొలి ప్రయాణం చేసింది. 2023 నవంబరులో ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గరి పోర్ట్ ఎవర్‌గ్లేడ్స్ రేవు దాని స్థావరమైంది. అక్కణ్నుంచి ఎక్కువగా బహామాస్ దీవులకు మూడు, నాలుగు, అయిదు రాత్రుల ప్రయాణాలు చేస్తూ వచ్చింది. పై డెక్కుల మీద ఆక్వాడక్ అనే నీటి గొట్టం 765 అడుగుల పొడవున మెలికలు తిరుగుతూ ఉంటుంది. అందులో జారే పిల్లల కేకలు, కొలనుల దగ్గర పాటలు, పెద్ద తెర మీద బొమ్మల సినిమాలు. పొద్దు పొడిచింది మొదలు ఓడంతా జాతరే. ఈ సందడి కోసమే కుటుంబాలు ఈ ఓడెక్కుతాయి.

వెనక కొసకు వెళ్తే ఆ హోరు తగ్గిపోతుంది. పాలోలో కిటికీ పక్క టేబుల్ దొరికితే ఓడ తన వెనక విడిచిపోతున్న తెల్లటి నురగ దారి చాలా దూరం దాకా కనిపిస్తుంది. ఆరుబయట టేకు చెక్క పరిచిన వసారాలో కూడా కొన్ని టేబుళ్లు వేస్తారు. పాలో, రెమీ రెండింటిలోకీ 18 ఏళ్లు నిండినవారికే ప్రవేశం. పిల్లల కోసమే పుట్టిందనుకునే ఓడలో, పిల్లల్ని కన్నవాళ్లు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడానికి మిగిల్చిన జాగా అది. అక్కడ టేబుల్ దొరకడం ఇంత కష్టం కావడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం. వంట ఎంత బాగున్నా, జనం వెతికేది ముందు ఆ నిశ్శబ్దాన్ని.

రిట్జ్ నుంచి పాలో దాకా

ఓడ మీద అందరూ తినే హాలు కాకుండా, విడిగా డబ్బు కట్టి, ముందే చెప్పి ఉంచుకుని తినే పద్ధతి ఈనాటిది కాదు. హాంబర్గ్-అమెరికా లైన్ అధిపతి ఆల్బర్ట్ బాలిన్ 1905లో అమెరికా అనే ఓడను నడిపినప్పుడు, హోటళ్ల రంగంలో అప్పటికే మహారాజులాంటి సెసార్ రిట్జ్‌తో కలిసి అందులో రిట్జ్-కార్ల్‌టన్ రెస్టారెంటు పెట్టించాడు. వంటగది ఏర్పాటులో ఆగస్ట్ ఎస్కోఫియే చెయ్యి ఉంది. అంతకుముందు సంపన్నులైనా సరే గంట కొట్టినప్పుడు పెద్ద హాల్లో పొడవాటి బల్లల దగ్గర కూర్చుని, వండినదే తినేవారు. నచ్చిన వేళకు, నచ్చిన వంటకం, నచ్చిన మనుషులతో తినే వీలు సముద్రం మీదకు అప్పుడు వచ్చింది.

1912లో టైటానిక్ కూడా అదే దారి పట్టింది. బి డెక్కు మీద లుయీజీ గాటీ నడిపిన రెస్టారెంటు మొదటి తరగతి ప్రయాణికులకు మాత్రమే. ప్రయాణమంతా అక్కడే తింటామని ముందే చెప్పినవారికి టికెట్టు ధరలో తగ్గింపు ఉండేది. పెద్ద హాల్లో వాళ్లకు వండే ఖర్చు మిగిలింది కాబట్టి ఆ మేరకు తగ్గించేవారు. ఎంత న్యాయమైన లెక్కో చూడండి. ఇప్పటి ఓడల్లో ఆ తగ్గింపు లేదు, కింద తినకపోయినా ఆ డబ్బు కట్టినట్టే. గాటీ, ఆయన దగ్గర పనిచేసిన ఇటాలియన్, ఫ్రెంచి వంటవాళ్లు, వడ్డనవాళ్లలో దాదాపు అందరూ ఓడతోపాటే పోయారు. ముగ్గురే మిగిలారు. ఓడల్లో భోజనం కథ చెప్పుకునేటప్పుడు ఆ మనుషుల్ని తలుచుకోకుండా ముందుకు పోలేను.

1936లో బయల్దేరిన క్వీన్ మేరీలో వరండా గ్రిల్ ఉండేది. ఎనభై మంది పట్టే గది. అదనపు రుసుము, ముందస్తు రిజర్వేషన్ తప్పనిసరి. ఆ ఓడ ఇప్పుడు కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో నిలిచి ఉంది. తర్వాత జెట్ విమానాలు వచ్చి సముద్రయానం విహారయాత్రగా మారిపోయింది. రెండు పంక్తులు, ఒకే హాలు, ఒకే టేబుల్ అనే పద్ధతి స్థిరపడింది. 1990లో క్రిస్టల్ హార్మొనీ ఓడ ప్రెగో, క్యోటో అనే రెండు విడి భోజనశాలలతో ఆ పద్ధతిని సడలించింది. డిస్నీ తన తొలి ఓడ మ్యాజిక్‌ను 1998లో దించినప్పుడే అందులో పాలో ఉంది. 2000లో నార్వీజియన్ క్రూయిజ్ లైన్ ఏ వేళకైనా ఎక్కడైనా తినొచ్చన్న పద్ధతి తెచ్చాక మిగతా కంపెనీలూ ఆ దారికే వచ్చాయి.

అర్ధరాత్రి తెరుచుకునే తలుపు

డ్రీమ్‌లో టేబుల్ కోసం పోటీ ఓడెక్కకముందే మొదలవుతుంది. పూర్వం ఎన్నిసార్లు ప్రయాణించారన్నదాన్ని బట్టి డిస్నీ తన పాత ప్రయాణికులను క్యాస్ట్‌అవే క్లబ్ పేరుతో అంచెలుగా విడదీస్తుంది. ఒక్కసారి వెళ్లొచ్చినవారు సిల్వర్, అయిదు ప్రయాణాలైతే గోల్డ్, పదైతే ప్లాటినం, పాతికైతే పెర్ల్. పెర్ల్‌వారు ప్రయాణానికి 123 రోజుల ముందు టేబుల్ ఎంచుకోవచ్చు. ప్లాటినంవారు 120 రోజులు, గోల్డ్‌వారు 105 రోజులు, సిల్వర్‌వారు 90 రోజుల ముందు. మొదటిసారి ఎక్కేవారికి 75 రోజులే. కన్సియర్జ్ అనే ఖరీదైన గదులు తీసుకున్నవారికి అందరికన్నా ముందు, 130 రోజులకే తలుపు తెరుస్తారు. ఎవరికైనా సరే టికెట్టు డబ్బు పూర్తిగా కట్టి ఉండాలి.

ఉదాహరణకు జనవరి 14న ఓడెక్కుతున్నారనుకోండి. పెర్ల్‌వారికి సెప్టెంబరు 13న వీలవుతుంది. మొదటిసారి వెళ్లే కుటుంబం వంతు అక్టోబరు 31న వస్తుంది. ఈ నడుమ 48 రోజులు. మూడు రాత్రుల ప్రయాణమంటే విందుకు ఉన్నవి మూడు సాయంత్రాలే. ఆ మూడింటి మీదా నాలుగు అంచెల వాళ్లు ముందే చేతులు వేసి ఉంటారు. మాటిమాటికీ వచ్చేవారికి మర్యాద చెయ్యడంలో తప్పు లేదు, ఏ హోటల్లోనైనా జరిగేదే. అయినా జీవితంలో ఒకే ఒక్కసారి, ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బుతో, అమ్మానాన్నల్ని తీసుకుని వచ్చే కుటుంబం వరసలో చిట్టచివర నిలబడుతోంది. ఆ ఆఖరివాళ్ల కోసం ప్రతి పూటా కొన్ని టేబుళ్లు పక్కన పెడితే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

బుకింగ్ తెరుచుకునేది అమెరికా తూర్పు తీరం లెక్కన అర్ధరాత్రి 12 గంటలకు. డల్లాస్‌లో ఉన్నవారికి అది రాత్రి 11. బే ఏరియా, సియాటిల్ వాళ్లకు 9 గంటలే కాబట్టి నిద్ర చెడదు. హైదరాబాద్‌లో, విజయవాడలో కూర్చుని పిల్లల కోసం బుక్ చేసేవారికి వేసవి గడియారం నడిచే నెలల్లో ఉదయం 9.30, మిగతా నెలల్లో 10.30. తిరుమల దర్శనం టికెట్ల కోటా విడుదలయ్యే పూట ఇంటిల్లిపాదీ తలో ఫోను పట్టుకుని కూర్చోవడం మనకు అలవాటే. ఆ ఓపికే ఇక్కడా పనికొస్తుంది. ముందురోజే లాగిన్ సరిచూసుకోవాలి. కలిసి కూర్చోవాలనుకునే రెండు మూడు గదుల వారు తమ బుకింగులను ముందే ఒకదానితో ఒకటి కలిపించుకోవాలి. ఆ రాత్రి కూర్చుని పేర్లు జోడించే తీరిక ఉండదు.

ఏది ముందు పట్టుకోవాలన్నది కూడా ఆలోచించుకుని ఉండాలి. అదే అర్ధరాత్రి రేవుల్లో విహారాలు, మూడేళ్లలోపు పసిపిల్లల్ని చూసుకునే నర్సరీ గంటలు కూడా తెరుచుకుంటాయి. చంటిబిడ్డ ఉన్న దంపతులు ముందు పాలో బుక్ చేసి, తర్వాత నర్సరీకి వెళ్లేసరికి ఆ గంట నిండిపోయి ఉంటే, దొరికిన టేబుల్ వదులుకోవాల్సిందే. బిడ్డకు చోటు దొరికిన గంటకే విందు కుదుర్చుకోవడం తెలివైన పని. మూడేళ్లు దాటిన పిల్లలకు ఈ చిక్కు లేదు. ఓషనీర్ క్లబ్‌లో పదేళ్ల దాకా పిల్లలు ఉచితంగా ఆడుకోవచ్చు. సాయంత్రం భోజనం కూడా అక్కడే పెడతారు. పై వయసువారికి ఎడ్జ్, వైబ్ అనే విడి గదులున్నాయి.

అన్నిటికన్నా త్వరగా అయిపోయేది పాలో బ్రంచ్. ఓడ ఏ రేవులోనూ ఆగకుండా రోజంతా సముద్రం మీదే ఉన్నప్పుడే అది ఉంటుంది. మూడు రాత్రుల బహామాస్ ప్రయాణాల్లో సాధారణంగా అలాంటి రోజే రాదు. నాలుగు రాత్రులదైతే ఒక్కటి. అంటే ఆ ఒక్క పగటిపూట మీదే పోటీ అంతా పడుతుంది. ఏడు రాత్రుల ప్రయాణాల్లో సాయంత్రాలూ ఎక్కువ, సముద్రం మీది పగళ్లూ ఎక్కువ. పాలో, రెమీ రెండూ చూడాలన్న పట్టుదల ఉన్నవారు ప్రయాణాన్ని ఎంచుకునేటప్పుడే ఈ లెక్క వేసుకోవాలి. టేబుల్ దొరికే అవకాశం చాలావరకు ప్రయాణం ఎన్ని రాత్రులన్న దగ్గరే తేలిపోతుంది.

టేబుళ్లు లేవన్నది ఎప్పటి మాట?

75వ రోజు అర్ధరాత్రి ఎంత చురుగ్గా వెతికినా అన్ని పూటలూ నిండిపోయి కనిపించవచ్చు. చాలామంది అక్కడితో ఆశ వదులుకుంటారు. నేను ఈ కథనం రాస్తున్నదే వాళ్ల కోసం. ఓడ మీద టేబుల్ లేదన్నది ఆ నిమిషానికి మాత్రమే నిజం.

నాలుగు నెలల ముందు టేబుల్ పట్టుకున్నవారి పరిస్థితి ఆలోచించండి. అప్పటికి వాళ్లకు తెలియనివి ఎన్నో. ఏ రాత్రి ఏ నాటకం ఆడతారో తెలియదు. సముద్రపు దొంగల పేరుతో జరిపే పైరేట్ నైట్ సంబరం ఏ రోజో తెలియదు. కూతురికి జలుబు చేస్తుందని తెలియదు. కొందరైతే రెండు మూడు పూటలు ముందు పట్టి ఉంచి, తర్వాత ఒక్కటే మిగుల్చుకుంటారు. తేదీ దగ్గరపడేకొద్దీ ఇవన్నీ ఒక్కొక్కటిగా తేలుతాయి. అనుకున్నవి మారిపోతాయి. మారిన ప్రతిసారీ ఒక టేబుల్ తిరిగి జాబితాలోకి వస్తుంది. దానికి గంట కొట్టరు, ఎవరికీ కబురు పంపరు. పొద్దునొకసారి, రాత్రి పడుకోబోయే ముందొకసారి యాప్ తెరిచి చూసుకున్నవారికే అది కనబడుతుంది. ప్రయాణానికి ముందు వారం ఈ కదలిక బాగా పెరుగుతుంది.

ఓడెక్కే రోజు అసలైన అవకాశం. మధ్యాహ్నం ఒక వేళకు, ఒక లాంజ్‌లో, పాలో, రెమీల మనుషులే కూర్చుని టేబుళ్లు సర్దుతారు. చోటు, సమయం ఓడ యాప్‌లో కనిపిస్తాయి. అందుకే రేవుకు చేరే సమయం ఎంచుకునేటప్పుడు వీలైనంత పెందలాడే పెట్టుకోవాలి. ఆలస్యంగా ఎక్కినవారు గదికి వెళ్లి, సామాను చూసుకుని, క్యాబానాస్‌లో తిని వచ్చేసరికి ఆ టేబుళ్లు ఎవరికో వెళ్లిపోతాయి. ఎక్కగానే నేరుగా అక్కడికే వెళ్లండి. ఇద్దరికి ఒక్కటైనా చాలు, ఏ పూటైనా సరే, ఏ వేళైనా ఫరవాలేదని చెప్పండి. ఇద్దరికి టేబుల్ కుదర్చడం తేలిక, ఎనిమిది మందికి కష్టం. అందరూ ఒకేచోట కూర్చోవాలన్న పట్టు సడలించి రెండు చిన్న టేబుళ్లకు ఒప్పుకుంటే పని సులువవుతుంది. వెయిటింగ్ లిస్టులో పేరు, గది నంబరు రాయించి రండి. మర్నాడు మళ్లీ వెళ్లి మర్యాదగా అడగండి. అక్కడ కూర్చున్న మనిషికి కూడా తన గది నిండి ఉండటమే ఇష్టం, ఖాళీ కుర్చీ ఎవరికీ ఉపయోగం లేదు.

వేళ విషయంలో ఓడ సాయంత్రం ఎలా సాగుతుందో తెలిసినవారిది పైచేయి. డిస్నీ ఓడల్లో పెద్ద భోజనశాలల్లో సాధారణంగా రెండు పంక్తులు, 5.45కు ఒకటి, 8.15కు ఒకటి. మొదటి పంక్తివారు తిన్నాక థియేటర్‌లో 8.30 ఆట చూస్తారు. రెండో పంక్తివారు 6.15 ఆట చూసి తినడానికి వస్తారు. కాబట్టి పాలోలో అందరికీ కావలసింది ఆటతో ఢీకొట్టని వేళ. రెమీలో ఒక విందు దాదాపు మూడు గంటలు పడుతుంది కాబట్టి ఆ రాత్రి ఆట ఎలాగూ పోతుంది. మీకు అంతగా ఆసక్తి లేని ఆట ఏ రాత్రి ఉందో చూసి, ఆ రాత్రి అడగండి. డెక్కు మీద పైరేట్ నైట్ సంబరం జరిగే సాయంత్రం చిన్నపిల్లలున్న తల్లిదండ్రులు కిందే ఉండాలనుకుంటారు. పిల్లలు లేని దంపతులు, పెద్దవారు ఆ సాయంత్రానికి ప్రయత్నించడం మంచిది.

వెళ్లడం కుదరదని తేలిన వెంటనే రద్దు చెయ్యండి. గడువు దాటితే, లేదా చెప్పకుండా మానేస్తే రుసుము పడుతుంది. డబ్బు సంగతి అలా ఉంచితే, మీరు వదిలిన టేబుల్ కోసం ఆ ఓడ మీదే ఎవరో ఎదురుచూస్తున్నారు. పెళ్లిరోజని సముద్రం దాటి వచ్చిన ముసలి దంపతులే కావచ్చు.

ఎలుక పేరున్న గదిలో

రెమీ అన్న పేరు 2007లో వచ్చిన రటటూయీ సినిమాలో వంట నేర్చిన ఎలుకది. గోడల మీది నగిషీల్లో, అలంకరణలో ఆ ఎలుక ఆనవాళ్లు వెతికితే దొరుకుతాయి. అంతమాత్రాన అది బొమ్మల హోటలనుకోవద్దు. అక్కడి వంటకాల జాబితాలు రూపొందించింది ఇద్దరు పెద్ద షెఫ్‌లు. ఒకరు ఫ్రాన్సులో రాంస్ నగరం పక్కన లాసియెట్ షాంపెన్వాజ్ నడిపే ఆర్నో లాలెమాన్. 2014లో ఆ హోటల్‌కు మిషెలిన్ మూడో నక్షత్రం దక్కింది. రెండోవారు వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్స్ వంటగదిని నడిపిన స్కాట్ హనెల్. క్రిస్టోఫ్ల్ వెండి చెంచాలు, రీడెల్ గాజు గ్లాసులు. చిన్న చిన్న వరసల్లో, పళ్లెం తర్వాత పళ్లెం, ఒక్కోదానికీ ఒక పరిచయం చెప్పి వడ్డిస్తారు. రుసుము పాలోకు రెండింతలకు పైనే. వైన్ తీసుకుంటే అది వేరు.

అంత పెట్టి వెళ్లాలా అని అడిగితే నా జవాబు నిష్కర్షగా చెబుతాను. ఫ్రెంచి వంట మీద నిజంగా మక్కువ ఉండి, మూడు గంటలు తీరిగ్గా కూర్చునే ఓపిక ఉంటే వెళ్లండి. ఖర్చు వృథా కాదు. తొందరగా తిని లేచే అలవాటున్నవారు, మాంసం మానినవారు పాలోకు వెళ్లడం మేలు. పాలోలో సూప్, సలాడ్, టమాటా సాస్‌తో పాస్తా వంటివి శాకాహారులకు అందుతాయి. పేరుమోసిన చాక్లెట్ సూఫ్లేను గిన్నెలో పొంగి ఉండగానే తెచ్చి, మధ్యలో చీల్చి, అందులో వేడి సాస్ పోసి ఇస్తారు. గుడ్డు తిననివారు మాత్రం దాని జోలికి పోకూడదు, అది నిలబడేదే గుడ్డు తెల్లసొన మీద. అలాగే పార్మజాన్ జున్ను సంప్రదాయ పద్ధతిలో దూడ పొట్ట నుంచి తీసే పదార్థంతో పేరుకుంటుంది. మన పెద్దవాళ్లలో ఈ పట్టింపు ఉన్నవారు చాలామందే. టేబుల్ దొరికిన రోజే ఆహార నియమాలు రాసి పంపితే, వంటవాళ్లకు సిద్ధపడే వ్యవధి ఉంటుంది.

బట్టల సంగతి కూడా చెప్పాలి. ఈతకొలను నిక్కర్లు, చేతుల్లేని బనియన్లతో పైకి రానివ్వరు. పాలోకు మంచి ప్యాంటు, కాలరున్న చొక్కా సరిపోతుంది. రెమీకి మగవారు కోటు వేసుకెళ్తే శోభిస్తుంది. పట్టుచీర కట్టుకుని వెళ్లే అత్తయ్యలకు ఏ నియమమూ చూసుకోవలసిన అవసరం లేదు, ఆ గదికి అంతకన్నా తగిన బట్ట ఉండదు.

కింది డెక్కుల మర్యాద

పైన టేబుల్ దొరకనివారు ఏదో పోగొట్టుకున్నట్టు దిగులుపడటం చూస్తుంటే నాకు బాధేస్తుంది. డ్రీమ్‌లో డబ్బు అడగని మూడు పెద్ద భోజనశాలలున్నాయి. ఎన్‌చాంటెడ్ గార్డెన్‌లో పైకప్పు వెలుగు పగటి నుంచి రాత్రిలోకి మెల్లగా మారుతుంది. యానిమేటర్స్ ప్యాలెట్‌లో గోడ మీది తెరలోంచి క్రష్ అనే తాబేలు పిల్లల్ని పేరుపెట్టి పలకరిస్తుంది. మూడోది రాయల్ ప్యాలెస్. రోజుకొక హాలుకు మారుస్తారు, వడ్డించే మనుషులు మాత్రం మారరు. మీ టేబుల్‌తో పాటే వాళ్లూ హాలు మారతారు. మొదటి రాత్రి చెప్పిన ఇష్టాయిష్టాలు రెండో రాత్రికి వాళ్లకు గుర్తుంటాయి.

మన కుటుంబాలకు దీంట్లో పెద్ద సుఖం ఉంది. ఓడ వంటగదుల్లో, వడ్డనలో భారతీయులు కనిపిస్తూనే ఉంటారు. మెనూలో లేకపోయినా పప్పు, కూర, అన్నం, రొట్టె అడిగితే చేసి పెడతారని వెళ్లొచ్చిన మనవాళ్లు చెబుతుంటారు. అయితే మొదటి రాత్రే అడగాలి. "బాబూ, మా అత్తయ్యగారు ఉల్లీ వెల్లుల్లీ ముట్టరు, రేపటి నుంచి ఆవిడకు వేరుగా కాస్త పప్పు అన్నం కుదురుతుందా?" అని హెడ్ సర్వర్‌కు ఎదురుగా చెప్పడమే ఉత్తమం. ముందే కాగితం మీద రాసి పంపినా, మనిషితో మాట్లాడిన తర్వాతే పని నిశ్చింతగా సాగుతుంది. రెమీలో టేబుల్ దొరికిన ఇంటి పెద్దావిడకు అక్కడి వరసలకన్నా మూడో రాత్రి ఎదురుగా వచ్చిన వేడి పప్పన్నమే ఎక్కువ తృప్తినివ్వవచ్చు. మనం ఆవిడను ఓడెక్కించింది ఆ తృప్తి కోసమే కదా.

పాలోకు వెళ్లే రాత్రి కింది హాలు వడ్డనవాళ్లకు ముందురోజే చెప్పి వెళ్లండి. చెప్పకపోతే మీ కుర్చీలు ఖాళీగా ఉంచి, మీరు వస్తారని చూస్తూనే ఉంటారు. పిల్లలు, తాతయ్య, నాయనమ్మ కింద తింటూ మీరిద్దరే పైకి వెళ్తున్నా ఆ మాట చెప్పాలి. రెండో పంక్తిలో పిల్లలు త్వరగా తినేస్తే, క్లబ్బు సిబ్బంది హాల్లోకే వచ్చి వాళ్లను ఆటలకు తీసుకెళ్లే ఏర్పాటు కూడా ఉంది.

ఇతర ఓడల్లో తీరు వేరు. రాయల్ కరీబియన్ వారి ఐకాన్ ఆఫ్ ది సీస్ 2024 జనవరిలో మయామీ నుంచి బయల్దేరింది. గదికి ఇద్దరి లెక్కన 5,610 మంది, పూర్తిగా నిండితే 7,600 మంది. చాప్స్ గ్రిల్, ఇజూమి, జాజ్ సంగీతం మధ్య విందునిచ్చే ఎంపైర్ సపర్ క్లబ్ వంటివి అందులో డబ్బు కట్టి తినే చోట్లు. అక్కడ అంచెల కన్నా ధరల ఆట ఎక్కువ. ఒకే భోజనం ఈ వారం ఒక ధర, వచ్చే వారం ఇంకో ధర. ముందే కొని ఉంచి, తర్వాత తగ్గితే రద్దు చేసి మళ్లీ కొంటారు చాలామంది. అన్ని పూటలూ కలిపి ప్యాకేజీగా కొన్నవారు ఏ పూట ఎక్కడ తింటారో చాలావరకు ఓడెక్కిన మొదటి రోజే ఖాయం చేసుకోవాలి. ఆ రోజు వరస పొడవుగా ఉంటుంది. చూపిన ధర మీద 18 శాతం సర్వీసు రుసుము పడుతుందన్నది కూడా బడ్జెట్లో వేసుకోవాలి.

డ్రీమ్‌కే తిరిగి వస్తే, అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి, వాళ్లతో కలిసి ఓడెక్కే తల్లిదండ్రులకు నా సలహా ఇది. మూడు రాత్రుల ప్రయాణమైతే రెమీ మాట మరిచిపోయి ఒక్క పాలో విందు చూసుకోండి, అదీ మొదటి రాత్రికి. అలసిపోయి వచ్చినవాళ్లు ఆ రాత్రి తేలిగ్గా వదులుకుంటారు కాబట్టి టేబుల్ దొరికే వీలు ఎక్కువ. నాలుగు రాత్రులదైతే బ్రంచ్ కోసం ప్రయత్నించండి. పగటి వెలుగులో సముద్రం కనిపిస్తుంది, సాయంత్రం ఆట పోదు, పొద్దుపోయాక బరువైన భోజనం పడనివారికి కడుపుకీ హాయి. బుక్ చేసే కొడుకో కోడలో ప్లాటినం అంచెలో ఉంటే వారి గదిలో ఉన్న పెద్దలకు ప్రయాణానికి ఒకసారి పాలో విందు ఉచితం. ఆ సంగతి తెలియక డబ్బు కట్టకండి, బుక్ చేసేటప్పుడే అడిగి తెలుసుకోండి.